తెలిసినవాడి ధర్మం

దూరదేశంలో జరుగుతున్న హింసను గురించి ఒక మనిషి తెలుసుకున్నప్పుడు, ఆ తెలుసుకోవడం వల్లనే అతని మీద ఏదైనా బాధ్యత పడుతుందా అన్నది ధర్మశాస్త్రాలకూ ఆధునిక నీతిశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. కళ్లెదుట పడిపోయినవాణ్ణి లేవనెత్తాలని చెప్పడానికి ఏ మతమూ వెనుకాడదు. అయితే సముద్రాల అవతల, ఎన్నడూ చూడని ఊళ్లలో మనుషులు హతమవుతున్నారని, ఆకలితో అలమటిస్తున్నారని, ఇల్లూ వాకిలీ విడిచి పారిపోతున్నారని చదివినవాడికి ఆ చదువు వల్ల ఏ రుణమూ అంటదా, లేక చదివిన క్షణం నుంచే అతడు ఆ బాధతో ఒక సంబంధంలోకి వస్తాడా అన్న చోట అభిప్రాయాలు చీలిపోతాయి.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న పుస్తకాల్లోనే మిగిలిపోకుండా నిత్యం ఎదురయ్యే చోటు ఒకటుంది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టుపక్కల అశోక్‌నగర్ వీధుల్లోని కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ దుకాణాలు, ఇటు నారాయణగూడ కాలేజీలు కలిసిన ఈ ప్రాంతంలో రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చిన వేలాది యువతీయువకులు పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఉంటారు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ సిలబస్‌లో అంతర్జాతీయ సంబంధాలు, సంఘటనలు ఒక అంశం. సివిల్స్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరులో అంతర్జాతీయ సంబంధాలు ఉంటాయి. 2013 నుంచి నాలుగో పేపరుగా నీతిశాస్త్రం వచ్చి చేరింది, బలహీనుల పట్ల సహానుభూతి, కరుణ అనేవి అందులో పేరు పెట్టి చెప్పిన పాఠ్యాంశాలు. అంటే ఒకే విద్యార్థి పొద్దున సుడాన్ యుద్ధాన్ని రెండో పేపరు కోసం, సాయంత్రం కరుణను నాలుగో పేపరు కోసం చదువుతాడు. ఆ రెండు చదువుల మధ్య ఉండవలసిన సంబంధమే ఈ వ్యాసానికి విషయం. తెలిసినవాడికి, తెలిసినందువల్లనే, శక్తి మేరకు బాధ్యత ఉంటుందని, అది విద్యార్థి స్వధర్మానికి అడ్డు రాకపోగా దానిలో భాగమేనని చూపడం దీని ఉద్దేశం.

రెండు అభ్యంతరాలు

ఈ మాటకు మొదటి అభ్యంతరం లోకానుభవం నుంచి వస్తుంది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని, ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు చెప్పిన మాటల్లో బతుకు నేర్పిన వివేకం ఉంది. అశోక్‌నగర్‌లో గది అద్దెకు, మెస్ బిల్లుకు, టెస్ట్ సిరీస్ ఫీజుకు ఊళ్లో తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన డబ్బు మీద ఏళ్ల తరబడి చదివే విద్యార్థికి తన బాధలే తలకు మించినవి. నోటిఫికేషన్ కోసం నిరీక్షణ, 2023 మార్చిలో బయటపడిన ప్రశ్నపత్రాల లీకేజీ, ఆ తర్వాత పరీక్షల రద్దు, 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా కోరుతూ ఇదే అశోక్‌నగర్ రోడ్ల మీదకు వచ్చిన అభ్యర్థుల ఆందోళన, ఇవన్నీ ఆ బాధలకు సాక్ష్యం. అటువంటి యువకుణ్ణి పట్టుకుని సుడాన్‌లోని దార్ఫుర్ గురించి, కాంగో గురించి ఏం చేస్తున్నావని అడగడం న్యాయమేనా అన్న సందేహం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

రెండో అభ్యంతరం శాస్త్రం నుంచి వస్తుంది. ఒక్కొక్కరికి వారి వారి స్థితిని, ఆశ్రమాన్ని, పనిని బట్టి ఏర్పడే కర్తవ్యాన్ని స్వధర్మం అంటారు. విద్యార్థి స్వధర్మం విద్యార్జన కాబట్టి లోకవ్యవహారాల్లో తలదూర్చడం పరధర్మంలోకి అడుగు పెట్టడమే అవుతుందన్నది దీని వాదం. విద్యార్థి ఉద్యమాలను కాదనేవారు తరచుగా ఈ మాటనే ఆసరా చేసుకుంటారు.

మొదటి అభ్యంతరంలోని సామెత ధర్మాన్ని వద్దనడం లేదు. మదుపు మొత్తం ఊడ్చుకుపోయేంత ధర్మాన్ని వద్దంటోంది. అది బాధ్యతకు హద్దు చెబుతుందే తప్ప బాధ్యతే లేదని చెప్పదు. రెండో అభ్యంతరానికి సమాధానం ధర్మశాస్త్రంలోనే ఉంది. స్వధర్మానికి పక్కనే సామాన్యధర్మం అనే మరొక వర్గాన్ని శాస్త్రకారులు చెప్పారు. కులం, వయసు, వృత్తి అనే తేడా లేకుండా మనిషైన ప్రతివాడికీ వర్తించే కర్తవ్యాలివి. వర్ణభేదాలను అంత కఠినంగా నిర్దేశించిన మనుస్మృతి సైతం పదో అధ్యాయంలో అహింస, సత్యం, అస్తేయం, శౌచం, ఇంద్రియనిగ్రహం అనే ఐదింటినీ అన్ని వర్ణాలకూ సమానమని చెప్పవలసి వచ్చింది. స్వధర్మం సామాన్యధర్మాన్ని రద్దు చేయలేదు. అది నడవవలసిన దారికి సామాన్యధర్మమే గట్టు.

ఎర్రన తెనిగించిన అరణ్యపర్వ శేషంలోని యక్షప్రశ్నల ఘట్టాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నలుగురు తమ్ముళ్లలో ఒక్కరినే బతికిస్తానని యక్షుడు చెప్పినప్పుడు, రాజ్యం గెలవడానికి అక్కరకు వచ్చే భీమార్జునులను కాదని ధర్మరాజు సవతి తల్లి కొడుకైన నకులుణ్ణి కోరుకుంటాడు. కుంతికి ఒక కొడుకు మిగిలినట్లే మాద్రికీ ఒకడు మిగలాలన్నది అతని వాదం. దానికి మూలకారణంగా అతడు చెప్పేది ఆనృశంస్యం, అంటే ఇతరుల పట్ల క్రూరత్వం లేకపోవడం, తన మనసును ఎవరి బాధకూ మొద్దుబారనివ్వకపోవడం. ఇక్కడ ధర్మరాజు దగ్గరితనాన్ని కొలమానంగా తీసుకోలేదు. అక్కడ లేనిది, మాట్లాడలేనిది అయిన మాద్రి పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలని గుర్తించాడు. తన గోడు తాను వినిపించుకోలేని చోట ఉన్నవారి పక్షం ఎవరు వహించాలన్న ప్రశ్నకు మన సాహిత్యంలో ఇంతకన్నా సూటిగా సమాధానం చెప్పిన ఘట్టం అరుదు.

అధికారం ఎవరికి ఏర్పడుతుంది

సామాన్యధర్మం అందరికీ ఉందన్నంత మాత్రాన ఎవరికి ఎంత అన్నది తేలదు. ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ 1971 నాటి బంగ్లా శరణార్థుల దుస్థితిని దృష్టిలో పెట్టుకుని రాసి 1972లో ప్రచురించిన వ్యాసంలో ఈ సమస్యను తీవ్రంగా ముందుకు తెచ్చాడు. దారి పక్క కుంటలో మునిగిపోతున్న పిల్లవాణ్ణి బట్టలు పాడవుతాయని వదిలేయడం తప్పయితే, దూరాన ఆకలితో చనిపోతున్న పిల్లవాణ్ణి వదిలేయడమూ తప్పేనని, దూరం అన్నదానికి నీతిపరంగా ఏ విలువా లేదని ఆయన వాదన. ఈ తర్కాన్ని కాదనడం కష్టం. కానీ దీన్ని చివరిదాకా లాగితే లోకంలోని ప్రతి బాధకూ ప్రతి మనిషీ బాకీపడతాడు, ఆ బాకీ తీరే ప్రసక్తి లేదు. ఎన్నటికీ తీరని బాకీ మనిషిని ధర్మాత్ముణ్ణి చేయదు, నిస్పృహలోకి నెడుతుంది.

మీమాంసా దర్శనంలోని అధికార చర్చ ఇక్కడ ఒక కొలత ఇస్తుంది. వేదవిధులను వ్యాఖ్యానించే శాస్త్రమైన మీమాంసలో అధికారం అంటే పెత్తనం కాదు, ఒక కర్మ చేయడానికి ఉండవలసిన అర్హత, ఆ అర్హత వల్ల పడే బాధ్యత. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మొత్తం ఈ విషయానికే కేటాయించబడింది. కర్మను కోరడం, చేయగల శక్తి ఉండడం, దానికి కావలసిన విద్య ఉండడం అన్నవి అధికారికి ముఖ్య లక్షణాలు. ఆ విద్యార్హతను, శక్తిని ఎవరికి ఒప్పుకోవాలన్న విషయంలో సంప్రదాయం శూద్రులను మినహాయించి అన్యాయం చేసింది. ఆ మినహాయింపును తోసిపుచ్చి, భావనలోని తర్కాన్ని మాత్రమే స్వీకరించడం నేటి పాఠకుడి కర్తవ్యం. యజ్ఞానికి చెప్పిన ఆ తర్కాన్ని మనిషి బాధకు అన్వయిస్తే, తెలివిడి అన్నది బాధ్యతకు కారణాలలో ఒకటని స్పష్టమవుతుంది. తెలియనివాడిని తప్పుపట్టలేము, తెలిసినవాడు తెలియనివాడితో సమానం కాలేడు.

అదే అధ్యాయంలో మరొక సూక్ష్మమైన విభాగం ఉంది. ఏదో ఒక ఫలం కోరి చేసే కామ్యకర్మను అన్ని అంగాలతో లోపం లేకుండా చేస్తేనే ఫలం వస్తుంది. తప్పనిసరిగా చేయవలసిన నిత్యకర్మ విషయంలో మాత్రం అన్ని అంగాలూ సమకూరకపోయినా యథాశక్తిగా చేస్తే చాలునని మీమాంసకులు తేల్చారు. దూరదేశపు బాధ పట్ల ఉండే కర్తవ్యాన్ని ఈ రెండో వర్గంలో చేర్చాలి. యుద్ధాన్ని ఆపడమే లక్ష్యంగా పెట్టుకుంటే అది కామ్యం. అశోక్‌నగర్ విద్యార్థి దాన్ని సాధించలేడు కాబట్టి ప్రయత్నమే వృథా అనిపిస్తుంది. మనిషి పట్ల మనిషి చెల్లించవలసిన నిత్యవిధిగా చూస్తే, పూర్తిగా చేయలేకపోవడం అసలే చేయకపోవడానికి సాకు కాదు, శక్తి మేరకు చేసినది తక్కువా కాదు.

తెలిసీ చేయకపోవడం ఎక్కడికి దారితీస్తుందో 1994లో రువాండా చూపించింది. అక్కడ ఐక్యరాజ్యసమితి దళాలకు నాయకత్వం వహించిన కెనడా సైన్యాధికారి రోమియో డల్లెయిర్ అక్కడి టుట్సీ తెగవారి మీద హత్యాకాండకు సన్నాహాలు జరుగుతున్నాయని ఆ ఏడాది జనవరి 11నే న్యూయార్క్‌కు వర్తమానం పంపాడు. ఏప్రిల్‌లో హత్యలు మొదలయ్యాక భద్రతామండలి అక్కడి దళాన్ని పెంచలేదు సరికదా 270 మందికి కుదించాలని తీర్మానించింది. సుమారు 100 రోజుల్లో 8 లక్షల మంది దాకా హతమయ్యారు. తెలియకపోవడం వల్ల జరిగిన దారుణమని దీన్ని చెప్పుకోవడానికి వీల్లేదు. శక్తి, తెలివిడి రెండూ ఉన్నవారు కర్తవ్యాన్ని పక్కన పెట్టడం వల్ల ఆ సంహారానికి అడ్డు లేకపోయింది.

తెలుసుకోవడం అంటే ఏమిటి

తెలివిడి బాధ్యతకు మూలమైతే, ఆ తెలివిడి ఎటువంటిదన్నది మొదట పరీక్షించవలసిన విషయం. పోటీ పరీక్షల కోసం వెలువడే కరెంట్ అఫైర్స్ మాసపత్రికల్లో సుడాన్ గురించి సాధారణంగా ఒక పటం, రాజధాని ఖార్తూమ్, నీలి నైలు, తెల్ల నైలు నదుల సంగమం, ఎర్రసముద్ర తీరంలోని పోర్ట్ సుడాన్, 2023 ఏప్రిల్, మే నెలల్లో 3,800 మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చిన ఆపరేషన్ కావేరి వంటివి ఉంటాయి. విద్యార్థి రంగు పెన్నుతో గీసుకునేది, బిట్‌గా గుర్తుపెట్టుకునేది ఆపరేషన్ పేరు. అది అవసరమే, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కానీ ఆ పేజీలో భారతీయులు ఓడలెక్కి వచ్చేశాక సుడాన్ కథ ముగిసిపోతుంది. అక్కడే ఉండిపోయిన సుడాన్ ప్రజల కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ యుద్ధం 2023 ఏప్రిల్ 15న జనరల్ బుర్హాన్ నాయకత్వంలోని సైన్యానికీ, దగాలో నాయకత్వంలోని ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైంది. 2003 నుంచి దార్ఫుర్‌లో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన జంజావీద్ ముఠాల నుంచే ఈ రెండో దళం పుట్టింది. కోటి మందికి పైగా ఇళ్లు విడిచిపోయారు. 2024 ఆగస్టులో దార్ఫుర్‌లోని జంజం శిబిరంలో కరువు నెలకొన్నట్లు అంతర్జాతీయ నిపుణుల కమిటీ నిర్ధారించింది. ఏడాదికి పైగా ముట్టడిలో ఉన్న అల్ ఫాషర్ నగరం 2025 అక్టోబరు చివర ఆ సాయుధ దళం వశమైంది, వెంటనే పౌరుల సామూహిక హత్యల వార్తలు వెలువడ్డాయి.

ఈ కథలో తెలుగు విద్యార్థికి అన్నిటికన్నా దగ్గరగా అనిపించవలసిన ఘట్టం యుద్ధానికి ముందటిది. 2018 డిసెంబరులో అట్బరా అనే రైల్వే పట్టణంలో రొట్టె ధర పెరగడంతో వీధుల్లోకి వచ్చినవారిలో బడి పిల్లలు, విద్యార్థులు ముందున్నారు. ఆ నిరసన దేశమంతా పాకి, మూడు దశాబ్దాలు పాలించిన ఒమర్ అల్ బషీర్‌ను 2019 ఏప్రిల్ 11న గద్దె దించింది. అదే ఏడాది జూన్ 3న సైనిక కేంద్రం ముందు బైఠాయించిన నిరసనకారుల మీద కాల్పులు జరిగి 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఉద్యమంలో పేటపేటకూ ఏర్పడిన ప్రతిఘటన కమిటీల అనుభవంతోనే, యుద్ధం వచ్చాక యువత అత్యవసర స్పందన కేంద్రాలను నెలకొల్పింది. తకాయా అని పిలిచే సామూహిక వంటశాలల్లో చందాలతో పప్పు, చిక్కుళ్లు, జొన్నపిండి ముద్ద వండి, ముట్టడిలో ఉన్న పేటల్లో ఆకలి తీర్చింది. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు ఈ వంటశాలలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. అదే ఏడాది నార్వేకు చెందిన రాఫ్తో మానవ హక్కుల పురస్కారం ఈ కేంద్రాలకు లభించింది. అన్నదానాన్ని దానాలలో మిన్నగా చెప్పుకునే సమాజానికి ఇది పరాయి కథ కాదు.

కాంగో విషయంలో తెలివిడి మరింత నిశితంగా ఉండాలి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకు పైగా ఆ దేశం నుంచే వస్తుంది. అది దక్షిణాన లువాలాబా, కటాంగా గనుల నుంచి వస్తుంది, అక్కడి సమస్య బాలకార్మికులు, కూలీల దోపిడీ. సాయుధ ముఠాలు పోట్లాడుకునే కోల్టాన్ ఖనిజం తూర్పున కివు ప్రాంతంలోనిది. 2025 జనవరి చివర ఎం23 అనే దళం ఆక్రమించిన గోమా నగరం ఉన్నది అక్కడే. ఒకటి బ్యాటరీలోకి, మరొకటి సర్క్యూట్‌లోని కెపాసిటర్‌లోకి చేరి రెండూ ఒకే సెల్‌ఫోన్‌లో కలుస్తాయి కాబట్టి ఈ రెండు సమస్యలనూ ఒకటిగా కలిపి చెప్పడం పరిపాటి అయింది. కానీ రోగం వేరైనప్పుడు మందూ వేరవుతుంది. బాధితుడి పరిస్థితిని సరిగ్గా తెలుసుకోవడం అతనికి చెల్లించే మొదటి గౌరవం, సత్యం అనే సామాన్యధర్మానికి ఇక్కడ అర్థం అదే. విద్యార్థి స్వధర్మం విద్య కాబట్టి, స్వధర్మం, సామాన్యధర్మం కలిసే చోటు కూడా ఇదే.

కరుణకు దగ్గరి శత్రువు

తెలివిడి ఉన్నంత మాత్రాన కరుణ సరైన దారిలో నడుస్తుందన్న హామీ లేదు. అయిదో శతాబ్దానికి చెందిన బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడు, ఆయనను ఆంధ్రదేశీయుడిగా భావించే పండితులూ ఉన్నారు, తన విశుద్ధిమార్గంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాలను వివరిస్తూ ఒక్కొక్క దానికీ దూరపు శత్రువును, దగ్గరి శత్రువును చెప్పాడు. దూరపు శత్రువు అంటే ఆ గుణానికి పూర్తి విరుద్ధమైనది. దగ్గరి శత్రువు అంటే ఆ గుణంలాగే కనిపిస్తూ దాని స్థానాన్ని కాజేసేది. కరుణకు దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు తనలో తాను కుమిలిపోయే శోకం. సమచిత్తమైన ఉపేక్షకు దూరపు శత్రువులు రాగద్వేషాలు, దగ్గరి శత్రువు అజ్ఞానం వల్ల కలిగే పట్టనితనం.

ఈ విభాగం నేటి విద్యార్థి ఉద్యమాలకు అక్షరాలా వర్తిస్తుంది. 2004లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో దార్ఫుర్ కోసం మొదలైన విద్యార్థి సంఘం అమెరికా కళాశాలలంతటా శాఖలు ఏర్పరచుకుంది. ఎనిమిదేళ్లకు, 2012 మార్చిలో, ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ మీద ఒక అమెరికన్ సంస్థ తీసిన అరగంట వీడియోను ఆరు రోజుల్లో పది కోట్ల సార్లు చూశారు. అప్పటికి కోనీ దళం ఉగాండాను వదిలిపోయి ఏళ్లు గడిచాయన్న సంగతి ఆ వీడియో ప్రభంజనంలో మరుగున పడింది, ఉగాండా ప్రజలు సొంతంగా చేసుకున్న పునర్నిర్మాణ కృషి కనిపించలేదు. అమెరికా యువతలో పెల్లుబికిన ఆవేశం మాత్రం తెరనిండా పరచుకుంది. ఆ యువత దుర్బుద్ధితో చేసిందని ఎవరూ అనలేరు. కానీ బాధపడేవాడి కన్నా బాధను చూసి చలించిపోయిన తాము ముఖ్యమైపోవడమే కరుణకు దగ్గరి శత్రువు చేసే పని. ఆఫ్రికాను సాయం అందుకునే చేతిగా మాత్రమే చూసేవాడు అట్బరా పిల్లల ధైర్యాన్నీ, సుడాన్ వంటశాలలనూ చూడలేడు. 1976 జూన్ 16న సొవెటోలో, తమ మీద రుద్దిన ఆఫ్రికాన్స్ బోధనా భాషను ఎదిరించి తూటాలకు ఎదురునిలిచిన బడి పిల్లలు ఎవరి సానుభూతి కోసమూ వీధిలోకి రాలేదు. న్యాయం కోసం వచ్చారు. వారితో కలిసి నిలబడడమే ధర్మం, వారి తరఫున ఏడవడం దానికి సరిపోదు.

ఎవరికి ఎవరు రుణం

సహాయం అనే మాటలోనే ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉన్నారన్న భావం దూరుతుంది. దాన్ని సరిదిద్దే భావన రుణం. దేవరుణం, ఋషిరుణం, పితృరుణం అనే మూడింటికి తోడు శతపథ బ్రాహ్మణం మనుష్యరుణాన్ని కూడా చెప్పింది. పుట్టిన ప్రతివాడూ తోటి మనుషులకు బాకీపడే పుడతాడు, దాన్ని ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి తీర్చుకుంటాడు. ఇందులో దయ చూపడమన్న ప్రసక్తి లేదు, బాకీ చెల్లించడమే ఉంది.

హైదరాబాద్‌కు ఆఫ్రికాతో అటువంటి పాత లెక్కలున్నాయి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం పేరే నేటి ఏసీ గార్డ్స్ బస్తీ పేరు. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ ఈ నగరవాసులే, పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాద్యంలో వారి వారసత్వం ఉంది. మరోవైపు 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరినది మొదలు 1911 వరకు ఒక లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు, గనులకు వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారి సంతతివారు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. 1946లో ఐక్యరాజ్యసమితిలో దక్షిణాఫ్రికా జాతివివక్షను మొదట లేవనెత్తింది, ఆ దేశంతో వ్యాపారాన్ని తెంచుకుంది భారతదేశమే.

విద్యార్థి ఉద్యమాల చరిత్రలో ఈ నగరం పుచ్చుకున్న రుణం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1938 చివర ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు, వందలాది మంది చదువు అర్ధాంతరంగా ఆగిపోయే స్థితిలో నాగపూర్ విశ్వవిద్యాలయం వారిని చేర్చుకుంది, పి.వి. నరసింహారావు కూడా అలా నాగపూర్ వెళ్లి చదువుకున్నవారే. వేరే భాష మాట్లాడే, వేరే పాలనలో ఉన్న ఊరు హైదరాబాద్ సంస్థాన విద్యార్థుల గోడు తమది కాదనుకుని ఉంటే ఎన్నో జీవితాల గతి మారిపోయేది. యుద్ధం వల్ల తన విశ్వవిద్యాలయం మూతపడిన సుడాన్ విద్యార్థి స్థితి నాటి తెలంగాణ విద్యార్థి స్థితి కన్నా ఎన్నో రెట్లు దారుణమైనది. అతడూ అడిగేది అదే, చదువు సాగనిచ్చే ఒక తావు.

మతాలు కూడా ఈ లెక్కను వేరే మాటల్లో చెప్పాయి. క్రీస్తు శకం 615 ప్రాంతంలో మక్కాలో వేధింపులకు గురైన తొలి ముస్లింలకు మొదట ఆశ్రయమిచ్చినది అబిసీనియాలోని క్రైస్తవ రాజు నజాషీ. మత స్వేచ్ఛ కోసం పారిపోయినవారికి ఇస్లాం చరిత్రలో తొలి శరణాలయం ఆఫ్రికా ఖండం. సువార్తలో నా పొరుగువాడెవడు అని ఒక ధర్మశాస్త్రవేత్త అడిగితే, యేసు సమరయుడి కథ చెప్పి, దెబ్బతిన్నవాడికి పొరుగువాడుగా నిలిచినవాడెవడని ప్రశ్ననే తిప్పి అడిగాడు. పొరుగుతనం దూరాన్ని బట్టి వచ్చేది కాదని, చేతతో సంపాదించుకునేదని ఆ కథ సారం.

శక్తి మేరకు

శక్తి మేరకు అన్నప్పుడు ఆ శక్తి ఎంతో చెప్పకపోతే చర్చ అసంపూర్ణమవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తార్నాకలోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలోనూ ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. నారాయణగూడ నుంచి అది సిటీ బస్సు దూరం. ఆఫ్రికా గురించి పేజీలకు పేజీలు చదివే విద్యార్థి ఒక్క ఆఫ్రికన్‌తోనైనా కూర్చుని మాట్లాడకపోతే మనుష్యరుణంలో మొదటి వాయిదా బాకీ ఉన్నట్లే. 2016 మేలో ఢిల్లీలో ఒక కాంగో యువకుడు హత్యకు గురైనప్పుడు ఆఫ్రికా దేశాల రాయబారులు ఆఫ్రికా దినోత్సవ వేడుకలను బహిష్కరిస్తామని హెచ్చరించవలసి వచ్చింది. అదే నెలలో హైదరాబాద్‌లో పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థి మీద దాడి జరిగింది. ఇల్లు అద్దెకు ఇవ్వనన్నప్పుడు, బస్సులో ఎవరైనా చులకనగా మాట్లాడినప్పుడు అడ్డుచెప్పడం ఖార్తూమ్‌లో కాల్పుల విరమణ తేదు. కానీ మానవ హక్కులను ఇంటి దగ్గర పాటించనివాడు వాటి గురించి దూరదేశానికి చెప్పే అర్హత కోల్పోతాడు. ఇంట గెలవడం అంటే ఇదే.

తెలుగు నేల మీద హక్కుల ఉద్యమం ఈ సార్వత్రికతను కష్టపడి సంపాదించుకుంది. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివారు పోలీసు ఎన్‌కౌంటర్లను ప్రశ్నిస్తూ దశాబ్దాలు పనిచేశారు. రాజ్యం చేసే హింసతో పాటు విప్లవ సంస్థలు చేసే హింసనూ హక్కుల కొలతతో కొలవాలా అన్న ప్రశ్న మీద చర్చ సాగి, 1998లో బాలగోపాల్ ప్రభృతులు మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. హక్కులు ఏ పక్షం వారివని చూడకుండా మనిషివని చూడాలన్న ఈ నిలకడ సుడాన్‌కు కూడా వర్తిస్తుంది. అక్కడ సైన్యం వేసే బాంబులకూ, సాయుధ దళం చేసే హత్యలకూ ఒకే కొలత పెట్టాలి. 1981లో ఆమోదించి 1986లో అమలులోకి తెచ్చిన ఆఫ్రికా మానవ, ప్రజా హక్కుల పత్రం ఇంకొక అడుగు ముందుకు వేసి, హక్కులతో పాటు మనిషికి కుటుంబం పట్ల, సమాజం పట్ల, తోటివారి పట్ల ఉండే కర్తవ్యాలను కూడా ప్రత్యేక అధ్యాయంగా రాసుకుంది. హక్కును, ధర్మాన్ని విడదీయరాదన్న భావన మన సంప్రదాయానికీ ఆ ఖండానికీ ఉమ్మడి సొత్తు.

అశోక్‌నగర్‌కు నడకదూరంలో ఇందిరా పార్కు ధర్నా చౌక్ ఉంది. 2017లో అక్కడ నిరసనలను ఆపివేసినప్పుడు ప్రజాసంఘాలు పోరాడి, న్యాయస్థానం ద్వారా 2018లో తిరిగి సాధించుకున్న చోటు అది. తమ నోటిఫికేషన్ల కోసం అక్కడ గొంతెత్తగలిగిన విద్యార్థులు ఏడాదికొక్క సాయంత్రం సుడాన్ కోసం, కాంగో కోసం నిలబడి, ఆ దేశాల విద్యార్థులకే మాట్లాడే అవకాశమిస్తే అది వారి సొంత పోరాటాన్ని పలచన చేయదు. ధ్రువపరచుకోని వీడియోలను పంచకుండా ఉండడం, సరైన సమాచారాన్ని తెలుగులో రాసి పదిమందికి అందించడం, యుద్ధపీడిత దేశాల విద్యార్థులకు వీసాలు, సీట్లు, ఫీజు గడువుల విషయంలో వెసులుబాటు ఇవ్వాలని పార్లమెంటు సభ్యులకూ విశ్వవిద్యాలయాలకూ లేఖలు రాయడం, వీలైతే ఒక పూట టీ ఖర్చును ఆకలి తీర్చే సంస్థలకు పంపడం, ఇవేవీ చదువును చెడగొట్టేవి కావు, తల్లిదండ్రుల కష్టార్జితాన్ని హరించేవీ కావు. రేపు వీరిలో కొందరు ఆర్డీవోలు, కలెక్టర్లు, రాయబార కార్యాలయాల ఉద్యోగులు అవుతారు. శరణార్థి కాగితం ఒకటి వారి బల్ల మీదకు వచ్చిన రోజున వారు తీసుకునే నిర్ణయం ఈ రోజు చదువుకున్న తీరు మీద ఆధారపడి ఉంటుంది.

బాధ్యతకు దూరం అడ్డు కాదు, తెలియకపోవడం ఒక్కటే అడ్డు. చదువుకునేవాడికి ఆ అడ్డు రోజురోజుకూ తొలగిపోతూ ఉంటుంది. తొలగిన కొద్దీ అతని అధికారం పెరుగుతుంది, శక్తి పెరిగిన కొద్దీ కర్తవ్యం విస్తరిస్తుంది. అందువల్ల రెండో పేపరులో సుడాన్‌ను, నాలుగో పేపరులో కరుణను వేర్వేరుగా చదివి రెండింటిలోనూ మంచి మార్కులు తెచ్చుకున్నవాడు పరీక్ష గెలుస్తాడు. ఆ రెండింటినీ కలిపి చదివి, తనకు చేతనైన కొంచెమైనా చేసినవాడు విద్యకు న్యాయం చేస్తాడు.